మా తాతగారి మండువా ఇంటిని మ్యూజియంగా నడపగలమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తణుకు దగ్గర మీ తాతగారి మండువా లోగిలి ఖాళీగా ఉందని, అమ్మబుద్ధి కావడం లేదని, మ్యూజియం పెడితే నడుస్తుందా అని అడిగారు. పశ్చిమ గోదావరిలోనే ఒక ఊళ్లో ఇలాంటి ఇంటినే తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాం. దాన్ని నడిపే సొసైటీకి నేను కార్యదర్శిని. అంటే తాళంచెవి నా దగ్గరుంటుంది, వాన పడితే నిద్ర పట్టనిది కూడా నాకే.

ముందే ఒక మాట. విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు ఉన్నాయంటే ఆ పేర్ల కోసం జనం వస్తారు. మీ తాతగారు, మా తాతగారు ఎవరికీ తెలీదు. మన దగ్గర చూపించడానికి ఉన్నది ఆ ఇల్లే. కాబట్టి డబ్బంతా ఇంటికే పోతుంది. ఇది అర్థం కాక మేం మొదటి ఏడాదంతా వృథా చేశాం. అటక మీది ఇత్తడి సామానంతా దింపించి, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమించాం. అలా తోమకూడదని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికే కొన్ని చెంబుల మీద కొట్టించిన పేర్లు అరిగిపోయాయి. ఏ పెళ్లికి ఎవరు చదివించారో చెప్పే ఆధారం అదొక్కటే. ఇప్పుడు మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తాం, అంతే.

ఆ ఏడాది సామాను తోముకుంటూ పెంకు సంగతి వదిలేశాం. ఏటా వేసవిలో పైకెక్కి సర్దించాలి. కోతులు ఒక పెంకు కదిపినా చాలు, వాసం మీదికి నీళ్లు దిగుతాయి, వెనకాలే చెదలు వస్తాయి. ఇంటి నడుమ పైకప్పు లేని మండువాలో పడ్డ నీళ్లు బయటికి పోయే తూము కూడా జూన్ రాకముందే శుభ్రం చేయించండి. మేం మర్చిపోయిన ఏడాది నీళ్లు వసారాలోకి ఎక్కి, కింద పెట్టిన రెండు భోషాణాల అడుగు చెక్కలు ఉబ్బిపోయాయి.

గోడల విషయంలో ఇంకా పెద్ద తప్పు చేశాం. కింద సున్నం పెళ్లలు రాలుతున్నాయని మేస్త్రీ చెప్పినట్టు మూడడుగుల ఎత్తున సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. చూడ్డానికి బాగుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ సిమెంటును దాటి పైకెక్కి, అక్కడ రాలడం మొదలైంది. సున్నం గోడ చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, అందుకే అది పైకి పాకుతుంది. అదంతా కొట్టించి, గుడి పనులు చేసే మేస్త్రీని వెతికి పట్టుకుని గానుగ సున్నంతో మళ్లీ చేయించాం. ఒకే పనికి రెండుసార్లు డబ్బులు పోశామన్నమాట.

ఇక కాగితాలు. సొసైటీ రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కష్టమల్లా ఇల్లు ఎవరిదన్నదే. మీ పెద్దనాన్నగారి పిల్లలు, మేనత్తలు అందరూ సంతకం పెట్టాలి. ఇప్పుడు అందరూ "బాగుంది రా" అంటారు, రోడ్డు వెడల్పయి స్థలం రేటు పెరిగిన రోజున అదే మాట మీద ఉండరు. మేం వారసులందరి చేతా సొసైటీకి దీర్ఘకాలపు లీజు రాయించి రిజిస్టర్ చేయించాం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాల్సిందే, నోటిమాట పనికిరాదు.

విరాళాలకు 80జి, అంటే ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే అనుమతి, తీసుకోండి, కానీ మరీ ఆశ పెట్టుకోకండి. కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే ఎవరికైనా మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు డాలర్లు పంపుతానన్నాడు, మేం సంబరపడిపోయాం. ఆడిటరు ఆపాడు. వాడిప్పుడు అక్కడి పౌరుడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే వాడి డబ్బు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఇండియా పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్ఆర్ఐలు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు. మీ వాళ్లలో ఎవరి పాస్‌పోర్టు ఏదో ముందే కనుక్కోండి.

వస్తువులు ఇస్తామని వచ్చేవాళ్లకు వద్దని చెప్పడం నేర్చుకోండి. మాకు అయిదు తిరగళ్లున్నాయి, ఆరోదాన్ని ఎక్కడ పెట్టను? తీసుకుంటే మాత్రం కాగితం రాయించుకోండి. ఒక పెద్దావిడ గంగాళం ఇచ్చారు, నోటిమాటే. ఆవిడ పోయాక కొడుకు వచ్చి "మీకు దాచమని ఇచ్చిందే గానీ దానం చెయ్యలేదు" అన్నాడు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు, ఇచ్చేశాం. అప్పటినుంచి ప్రతి వస్తువుకూ రిజిస్టర్లో నంబరు, ఫోటో, ఎవరిచ్చారు, ఎప్పుడు, శాశ్వతంగానా లేక చూపించడానికేనా, ఇచ్చినవాళ్ల సంతకం, ఇవన్నీ ఉంటాయి.

పొలంలో దొరికిందని ఒకాయన రాతి విగ్రహం ఆటోలో తెచ్చాడు. పది రూపాయలకు మించిన విలువున్నది నేలలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. దింపనివ్వలేదు. ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లమన్నాను, ఆయన బాగా నొచ్చుకున్నాడు. అయినా అలాంటివి లోపలికి రానివ్వకండి. తాళపత్రాలైతే ఇంట్లోని పాత కట్టలు ఉంచుకోవచ్చు, కానీ మీరే నూనెలు పూసి ప్రయోగాలు చెయ్యకుండా తెలిసినవాళ్లకు చూపించండి.

రోజూ తెరవాలని పెట్టుకోకండి. మేం శని, ఆదివారాలే తెరుస్తాం. బడిపిల్లలు వస్తామంటే ముందు ఫోన్ చెయ్యమంటాం. టికెట్ పెట్టాలా అన్నారు కదా, పెట్టండి. పెద్దలకు ఇరవై రూపాయలు, పిల్లలకు ఉచితం. దాంతో కరెంటు బిల్లు, ఊడ్చే అమ్మాయి జీతంలో కొంత గడుస్తాయి. పెంకు ఖర్చు మాత్రం ఏటా చందా ఎత్తాల్సిందే.

కొలపాత్రల దగ్గర నేను సోలకి తవ్వ అని, తవ్వకి సోల అని చీటీలు తారుమారుగా అంటించాను. రెండేళ్లు ఎవరూ కనిపెట్టలేదు. మనవరాలితో వచ్చిన ఒక మామ్మగారు చూసి, "ఎవరు రాశారయ్యా ఇది? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ" అని, నమ్మకం లేకపోతే చూడమని చెంబుతో నీళ్లు తెప్పించి అక్కడే కొలిచి చూపించారు. పక్కనున్న పిల్లలంతా చుట్టూ చేరారు. చీటీలు అప్పటికప్పుడే మార్చాను. టికెట్ ఇరవై రూపాయలు నేను తిరిగి ఇవ్వబోతే మాత్రం ఆవిడ తీసుకోలేదు.