లూకా బ్రాసీ అంత ముఖ్యమైన మనిషేనా? మా ఊళ్లో చూసిన ఒక మనిషిని బట్టి చెబుతాను

"గాడ్‌ఫాదర్ సినిమాలో లూకా బ్రాసీ కనిపించేది కాసేపే కదా, కార్లియోనీ మాఫియా కుటుంబానికి అతను అంత ముఖ్యమని ఎందుకంటారు?" అని అడిగారు. చాలా ముఖ్యమండీ. ఆ కుటుంబం తరఫున బెదిరించడానికీ చంపడానికీ వెళ్లేది అతనే. అతను ఉన్నాడన్న సంగతే సగం పని చేసేస్తుంది. ఇది నేను సినిమా కంటే ముందు విజయనగరంలోనే చూశాను.

గంటస్తంభం దగ్గర మా నాన్నకి చిన్న బట్టల కొట్టు ఉండేది. పెట్టుబడికి ఒక సావుకారు దగ్గర అప్పు తెచ్చారు. ఆయన మహా మర్యాదస్తుడు. వెళ్లినప్పుడల్లా నాన్నని కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. ఒక ఏడాది మూడు నెలల వడ్డీ ఆగిపోయింది. నాలుగో నెలలో ఆయన మనిషి వచ్చాడు. పేరు రాయను. ఆ పేరు వినబడితే చాలు, బజార్లో గట్టిగా మాట్లాడేవాళ్లు గొంతు తగ్గించేవారు. అతను కొట్లోకి రాలేదు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. "సిన్నబావూ, కాసిన్ని మంచినీళ్లియ్యి" అన్నాడు నాతో. స్టీలు గ్లాసు పట్టుకున్న ఆ చెయ్యి ఇప్పటికీ గుర్తే, బొటనవేలికి గోరు సగమే ఉండేది. రెండు గ్లాసులు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. అప్పు మాటే ఎత్తలేదు. ఆ రాత్రి అమ్మ చేతి గాజులు తీసింది. మర్నాడు నాన్న వడ్డీ కట్టేశారు. సావుకారు ఎప్పటిలాగే టీ తెప్పించారు.

ఆ కుటుంబ పెద్ద డాన్ వీటో కార్లియోనీ నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడగలిగేది కూడా లూకా ఉన్నాడనే. డాన్ కూతురి పెళ్లిలో చిన్న కొడుకు మైకేల్ తన ప్రియురాలు కేకి చెప్పే కథ గుర్తుందా? గాయకుడు జానీ ఫాంటేన్‌ని కాంట్రాక్టు నుంచి వదిలెయ్యమని డాన్ పదివేల డాలర్లు ఇస్తానంటే బ్యాండు యజమాని ఒప్పుకోడు. మర్నాడు డాన్ లూకాని వెంటబెట్టుకుని వెళ్తాడు. లూకా తుపాకీ తలకి ఆనిస్తాడు. గంటలో వెయ్యి డాలర్లకే సంతకం అయిపోతుంది. ఒకసారి అలా జరిగాక తుపాకీ మళ్లీ తియ్యక్కర్లేదు, పేరు చాలు.

అంతటివాడు అదే పెళ్లిలో బయట కూర్చుని, డాన్‌కి చెప్పాల్సిన నాలుగు ముక్కలు వల్లె వేసుకుంటూ ఉంటాడు. తీరా ఎదురుగా వెళ్లాక తడబడతాడు. ఆ వేషం వేసిన లెనీ మోంటానా కుస్తీ వస్తాదు. డాన్ వేషం వేసిన బ్రాండో ముందు నిజంగానే టెన్షన్ పడ్డాడట, దర్శకుడు కొపోలా ఆ తడబాటుని అలాగే ఉంచేశాడు. నాకు అది నటనలా అనిపించదు. సావుకారుగారి అమ్మాయి పెళ్లిలో మా ఊరి మనిషి వంటల పందిరి దగ్గరే నిలబడి ఉన్నాడు. సావుకారు అటు వెళ్తూ "తిన్నావేట్రా?" అన్నారు. అంతే, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాన్ తప్పు ఎక్కడ చేశాడంటే, ఈ విశ్వాసం లోకమంతటికీ తెలుసన్న సంగతి మరిచిపోయాడు. సొలోజో అనేవాడు తెచ్చిన మత్తుమందుల బేరాన్ని తను కాదన్న తర్వాత, కుటుంబంతో పొసగడం లేదని చెప్పుకోమని లూకాని, సొలోజో వెనకున్న టటాలియా కుటుంబం దగ్గరికి పంపుతాడు. మా ఊరి మనిషి వచ్చి సావుకారుని వదిలేశానంటే పకోడీల బండివాడు కూడా నమ్మడు. సొలోజో ఎలా నమ్ముతాడు? బార్‌లో లూకా చేతిని కత్తితో బల్లకి గుచ్చి, వెనకనుంచి మెడకి ఉరి బిగించి చంపేస్తారు. డాన్ మీద కాల్పులు ఆ తర్వాతే. ఈ వరస చూడండి, ముందు తియ్యాల్సింది ఎవరినో శత్రువుకి బాగా తెలుసు. డాన్ సలహాదారు టామ్ హేగెన్‌ని సొలోజో ఎత్తుకెళ్లినప్పుడు, లూకాని డాన్ పెద్ద కొడుకు సానీ కూడా ఆపలేడని టామ్ అంటే, లూకా సంగతి నేను చూసుకుంటాలే అంటాడు సొలోజో. అప్పటికే చూసేసుకున్నాడు. ఇవతల ఇంట్లో ఇంకా లూకా కోసం ఫోన్లు చేస్తూనే ఉంటారు. చివరికి అతని బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలో చుట్టిన చేపలు వస్తాయి, లూకా చచ్చిపోయాడని చెప్పడానికి.

మా ఊరి మనిషికి సిరిమాను పండగ వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే సావుకారుకి వడ్డీలు ఆగడం మొదలైంది. జనం టీ తాగి, "వచ్చే నెల చూద్దాం" అని లేచి వచ్చేసేవారు. నాన్న బత్తాయిలు కొని, నన్ను వెంటబెట్టుకుని అతన్ని చూడ్డానికి వెళ్లారు. భార్య నీళ్లు పట్టిస్తుంటే సగం దిండు మీదే పడుతున్నాయి. మాట సరిగ్గా రావడం లేదు. అయినా నాన్న చెయ్యి పట్టుకుని అడిగాడు, "బావుగోరి బాకీలు సక్కగా కడతన్నారేటి?"

"అందరూ కట్టేస్తున్నారు" అన్నారు నాన్న. మాదే రెండు నెలల వడ్డీ బాకీ ఉంది.