మండల ఠాణా: మీ ప్రశ్నలు, మా జవాబులు

మండల పోలీస్ స్టేషన్ పని గురించి అడగమన్నాం. సంచీ నిండా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ముందు తీసుకున్నాం. ఇక్కడ చెప్పిన సెక్షన్లు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాలవి.

ప్రశ్న: బావి దగ్గర మోటారు కేబుల్ కోసుకుపోయారు. స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు బందోబస్తుకెళ్ళారు, రేపు రమ్మన్నారు. మర్నాడు పోతే చిన్న కేసు, ఎందుకులే అన్నారు. ఏం చేయాలి? (రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: ఎస్సై బయటికెళ్తే స్టేషన్‌కి తాళం పడదు. ఆయన తర్వాతి హోదాలో, కానిస్టేబుల్ కంటే పై ర్యాంకులో ఎవరుంటే వారే ఆ పూటకి ఇన్‌ఛార్జి. ఫిర్యాదు వారే తీసుకోవాలి.

'చిన్న కేసు' అన్న మాట ఉత్తదేం కాదు. దొంగతనం సొత్తు విలువ 5,000 రూపాయల లోపుంటే అది మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేని కేసుల్లోకి పోతుంది. దొంగకి అది మొదటి తప్పయి, సొత్తు తిరిగిచ్చేస్తే శిక్ష కూడా సమాజ సేవతో సరి. కాబట్టి ఫిర్యాదులో విలువ రాసే వాక్యమే ముఖ్యం. చాలామంది 'కొంత కేబుల్ పోయింది' అని రాసి ఊరుకుంటారు. అలా కాదు: మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్, 4 స్క్వేర్ ఎంఎం, ఇన్ని మీటర్లు, ఫలానా కంపెనీ, కొన్న ధర ఇంత, బిల్లు జతచేశాను అని రాయండి. పాత ఇనుము కొట్టువాడు రాగికి కట్టే ధర రాయొద్దు. లేని విలువా పెంచి రాయొద్దు, కోర్టులో బిల్లు అడిగితే మొత్తం ఫిర్యాదే వీగిపోతుంది.

సర్వే నంబరు, ఊరు, ఆఖరిసారి చూసిన సమయం, పోయిందని తెలిసిన సమయం రెండూ ఉండాలి. 'నిన్న రాత్రి' అంటే చాలదు, 'సోమవారం సాయంత్రం 6 నుంచి మంగళవారం తెల్లవారి 5:30 లోపు' అనాలి. ఆలస్యంగా వెళ్తే ఎందుకు ఆలస్యమైందో ఒక్క వాక్యం రాయండి. పాత పగ ఉన్నవాళ్ళ పేరు అనుమానితుడిగా ఊరికే రాస్తే, అసలు దొంగ దొరికినప్పుడు అదే కాగితం అతని లాయర్ చేతిలో ఆయుధమవుతుంది. బావిలో మిగిలిన కేబుల్ కోసిన కొనని, పోలీసులు చూసేదాకా కదిలించకండి. దొంగలు పైతొడుగు కాల్చి రాగి తీస్తారు. చుట్టుపక్కల వాగు ఒడ్డునో గుట్ట చాటునో నల్లగా కాలిన ప్లాస్టిక్ కుప్ప కనిపిస్తే ముట్టుకోకుండా కానిస్టేబుల్‌కి చూపించండి.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే చట్టం) సెక్షన్ 173(4). అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి, అది అదే చట్టం 175(3). ఒకవేళ పోయింది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి రాగి చుట్ట అయితే సొత్తు విద్యుత్ సంస్థది, ఫిర్యాదు అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఇవ్వాలి. మీరు లైన్‌మన్‌కి చెప్పి, ఫిర్యాదు వెళ్ళిందో లేదో వెంటపడటమే.

ప్రశ్న: ఊళ్ళో చందాలు వేసుకుని 8 సీసీ కెమెరాలు పెట్టాం. దొంగతనమైన వారానికి చూస్తే రికార్డింగే లేదు. (యువజన సంఘం, గుంటూరు జిల్లా)

జవాబు: డిస్క్ నిండి, పాతది చెరిగిపోయి ఉంటుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 43 జీబీ. ఎనిమిదింటికి 345 జీబీ. అంటే 2 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. సెట్టింగుల్లో హెచ్.265 (వీడియోని ఎక్కువ కుదించే పద్ధతి) పెడితే ఇంచుమించు రెట్టింపు రోజులొస్తాయి, కాణీ ఖర్చు లేదు. డిస్క్ 4 టీబీకి మార్చండి.

రెండో తప్పు గడియారం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొన్ని రికార్డర్ల టైము వెనక్కి పోతుంది. ఇరవై నిమిషాల తేడా ఉన్నా కోర్టులో ప్రశ్న తప్పదు. వారానికోసారి ఫోన్ టైముతో సరిచూసి నోటుబుక్‌లో రాయండి. తేడా ఉందని తెలిస్తే గుట్టుగా సరిచేయకండి, ఎంత తేడానో పోలీసులకి చెప్పి పంచనామాలో (సాక్షుల ముందు రాసే కాగితం) రాయించండి. కెమెరా ముందు సాలెగూడు అల్లుకుంటే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు దానికే తగిలి తెరంతా తెల్లబారుతుంది, వారానికోసారి చీపురు ఆడించడమే మందు.

డిస్క్ ఊడదీసి ఇంటి కంప్యూటర్లో పెట్టి చూడకండి. ఫుటేజీ సాక్ష్యంగా నిలవాలంటే సాక్ష్య చట్టం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం పరికరం చూసుకునే మనిషి, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) అందులో రాస్తారు. ఆ మొదటి సంతకం ఎవరిదో ఊళ్ళో ముందే అనుకోండి.

ప్రశ్న: నాన్న పాముకాటుతో పొలంలోనే చనిపోయారు. పోస్ట్‌మార్టం ఎందుకని పెద్దలంటున్నారు. 'అనుమానాస్పద మృతి' అని రాస్తారట, మా మీదికి వస్తుందా? (సిద్దిపేట జిల్లా)

జవాబు: రాదు. అది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194 కింద నమోదు చేసే శీర్షిక మాత్రమే. ఎస్సైగానీ ఆయన పంపిన అధికారిగానీ పంచుల (ఊరి సాక్షుల) ముందు శవపంచనామా రాస్తారు, ఒంటి మీద కాటు గుర్తులు చూస్తారు, శవాన్ని ఆస్పత్రికి పంపుతారు. ఆ రిపోర్టు 24 గంటల్లో కలెక్టర్‌కో ఆర్డీవోకో వెళ్ళాలి.

రైతుబీమా 5 లక్షలు ఏ కారణంతో పోయినా వస్తాయి, పథకంలో పేరు నమోదై, వయసు 18 నుంచి 59 లోపుంటే. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కట్టే సురక్షా బీమా 2 లక్షలు మాత్రం ప్రమాదమైతేనే. పాముకాటుకి ఆస్పత్రి రికార్డు అడుగుతారు. దారిలోనో పొలంలోనో ప్రాణం పోతే ఆ రికార్డు ఉండదు, పోస్ట్‌మార్టం రిపోర్టే దిక్కు. లోపలి అవయవాలు ల్యాబ్‌కి పంపితే డాక్టర్ అభిప్రాయం 'రిజర్వ్' (ల్యాబ్ రిపోర్టు వచ్చాక చెప్తాం) అని రాస్తారు, అప్పుడు నెలలు పడుతుంది. ల్యాబ్ రిపోర్టు స్టేషన్‌కి చేరిందా అని మీరే అడుగుతుండాలి. అది ఎవరూ ఫోన్ చేసి చెప్పే సంగతి కాదు.

ప్రశ్న: మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగాలా?

జవాబు: అలాంటి రూలేదీ లేదు. పిల్లలు కనిపించకపోతే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి ఎవరిదైనా ముందు అక్కడే కట్టే ఎఫ్ఐఆర్) అడగండి.

ప్రశ్న: గట్టు జరిపారని ఫిర్యాదిస్తే 'సివిల్ మేటర్' అంటున్నారు. (కర్నూలు జిల్లా)

జవాబు: సగం నిజమే. గొలుసు పట్టి కొలిచే పని పోలీసుది కాదు, సర్వేయర్‌ది. గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలిచే) దరఖాస్తు పెట్టండి. కానీ హద్దురాయి పీకినా, పంట కోసుకుపోయినా, కర్రలతో వచ్చినా అది పోలీసు పనే. ఫిర్యాదులో ఎకరాల కథ తగ్గించి, ఏ రోజు ఎవరేం చేశారో రాయండి. కొట్లాట తప్పదనిపిస్తే ఇరుపక్షాలనీ తహసీల్దార్ ముందు బైండోవర్ చేయమని (గొడవపడమని పూచీ రాయించమని) అడగొచ్చు.

ప్రశ్న: ఇంటర్ పాసయ్యాను. పల్లెలో కానిస్టేబుల్‌గా చేయాలని ఉంది. పని ఎలా ఉంటుంది? (ఖమ్మం జిల్లా)

జవాబు: జీపు, సైరన్ అనుకుంటే నిరాశే. తెలంగాణలో గ్రామ పోలీసు అధికారి పేరిట ఊళ్ళు కానిస్టేబుళ్ళకి పంచి ఉంటాయి. ఆంధ్రలో పల్లెనిద్ర అని పోలీసులు రాత్రి ఊళ్ళోనే ఉంటారు. తాళం వేసిన ఇళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు, ఏ వీధిలో ఎవరికెవరికి పడదు, ఇవి తెలిసి ఉండటమే ఉద్యోగం. జాతర, నిమజ్జనం బందోబస్తు, కోర్టు డ్యూటీ, సమన్లు, సెంట్రీ వాటితో పాటే. స్టేషన్ రైటర్ దగ్గర కూర్చుని జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) రాయడం, పంచనామా రాయడం నేర్చుకున్నవాడు హెడ్ కానిస్టేబుల్ అయ్యాక తడుముకోడు. ఆ పైన ఏఎస్సై, ఎస్సై. ప్రమోషన్లు మాత్రం నిదానం.

2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి ఎత్తు 167.6 సెం.మీ., 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. ఆడవాళ్ళకి ఎత్తు 152.5, పరుగు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. కొత్త నోటిఫికేషన్ వస్తే ముందు ఈ అంకెలే సరిచూసుకోండి. చాలామంది మొదటి రౌండు ఉరికి మూడో రౌండులో చతికిలబడతారు. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండు 1 నిమిషం 45 సెకన్లకి అలవాటు చేసుకోండి, నాలుగు రౌండ్లకి ఏడు నిమిషాలు, 15 సెకన్లు చేతిలో ఉంటాయి. షాట్‌పుట్ సాధన రాయితో చేయకండి. అసలు గుండు పట్టుకున్న రోజు వేళ్ళు నిలవవు.