తుపాను సంచి: డిక్కీలో ఏముండాలి, ఏముండకూడదు

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర తీరప్రాంతం. ఇంట్లో నలుగురం, చిన్న కారు ఉంది. తుపాను వస్తే వెంటనే బయల్దేరేలా పోయిన ఏడాదే ఒక సంచి సర్ది డిక్కీలో పెట్టాను. మొన్న తీసి చూస్తే టార్చి వెలగలేదు, బెల్లం కారి బట్టలకు అంటుకుంది, జిరాక్సులు ప్లాస్టిక్ కవరుకు అతుక్కుపోయాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: సర్దడం మంచిదే, డిక్కీలో వేడిని మీరు లెక్కలోకి తీసుకోలేదు. వేసవిలో ఎండన నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలు. దానికి తోడు మన తీరపు ఉక్క. అందుకే ఏడాదంతా డిక్కీలో ఉండేవి వేరు, తుపాను కబురు అందాక ఇంట్లోంచి తెచ్చి వేసుకునేవి వేరు. వాతావరణ శాఖ ముందస్తు కబురు 48 గంటల ముందు, గట్టి హెచ్చరిక 24 గంటల ముందు వస్తాయి. రెండో రకం వస్తువుల జాబితా బీరువా తలుపు లోపల అంటించి ఉంటే ఆ సమయం ధారాళంగా సరిపోతుంది.

టార్చిలో సెల్స్ వేసి ఉంచితే అవి కారి, స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. గరుకు కాగితంతో రుద్ది చూడండి, చాలాసార్లు మళ్లీ వెలుగుతుంది. ఇకపై సెల్స్‌ని కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండుతో టార్చికే కట్టి ఉంచండి. పవర్ బ్యాంకు మాత్రం డిక్కీలో వద్దే వద్దు. వేడికి ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. గ్యాస్ లైటరు, సెంటు స్ప్రేలు కూడా అంతే. కారు ఛార్జరు, కేబులు ఉంటే చాలు.

జిరాక్సు నలుపు అంటే వేడితో కాగితానికి అతికిన సన్నటి ప్లాస్టిక్ పొడి. కవరు మెత్తబడితే దాన్ని లాగేసుకుంటుంది. ముందు కాగితపు కవరులో, తర్వాత మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టండి. సంచిలో గాలి పూర్తిగా నొక్కేసి, మూతిని తాడులా మెలితిప్పి, ఆ మెలికను కిందికి మడిచి రబ్బరు బ్యాండు బిగించండి. ఉత్త ముడి వేస్తే మడతల సందుల్లోంచి నీరు లోపలికి వెళ్తుంది. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ లాంటి అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచి, బయల్దేరేటప్పుడు తీసుకోండి.

తిండికి అటుకులు కిలో, పుట్నాల పప్పు అరకిలో, బెల్లం బదులు పంచదార పావుకిలో. పల్లీ చిక్కీ వేడికి నూనె వాసన కొడుతుంది. రెండు నెలలకోసారి ఇవి ఇంట్లో వాడేసి కొత్తవి పెట్టండి. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకుంటే మీ నలుగురికి 12 లీటర్లు. అంత నీరు ఏడాదంతా మోయక్కర్లేదు. 20 లీటర్ల ఖాళీ క్యాను ఉంచుకుని, కబురు రాగానే నింపుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, ఒక్కో మనిషికి జత బట్టలు, తువ్వాలు, ఈల, పది మీటర్ల నైలాన్ తాడు, శానిటరీ ప్యాడ్లు, చిన్న టార్పాలిన్.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక కరెంటు, సెల్ టవర్లు పోయాయి, చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. అలాంటప్పుడు ఏటీఎం, ఫోన్‌పే రెండూ పనికిరావు. యాభై, వంద నోట్లుగా మూడు వేలు పక్కన పెట్టుకోండి. డిక్కీలో చేతి రంపం కూడా ఉండాలి. కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే మాత్రం రంపం బయటికి తీయకండి.

సంచి వీపున తగిలించుకునేదై ఉండాలి, ఎనిమిది కిలోలు మించకూడదు. కారు వదిలి నడవాల్సి రావచ్చు.

ప్రశ్న: అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. ఒక సీసా ఎప్పుడూ కారులోనే ఉంచమంటారా?

జవాబు: వద్దండీ. వేడికి మందు బలం తగ్గుతుంది, చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. షుగరు చూసే స్ట్రిప్పులూ వేడికి పాడవుతాయి. అవన్నీ బయల్దేరేటప్పుడు ఫ్రిజ్‌లోంచి, బీరువాలోంచి తీయాల్సినవే. వెడల్పు మూతి ఫ్లాస్కులో అడుగున ఐస్ ముక్కలు వేసి, పైన మడిచిన గుడ్డ పరిచి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఐస్‌కు నేరుగా తగలకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. సిరంజీలు, మందుల చీటీ నకలు మరిచిపోకండి. వారం రోజులకు సరిపడా ఉండాలి.

ప్రశ్న: దారిలో నీటి మధ్య కారు ఆగిపోతే ఏం చేయాలి?

జవాబు: మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజన్ గాలితో పాటు నీళ్లు పీల్చి ఉంటే పిస్టన్ ఆ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బెల్టులు విప్పి, వీలైనంత త్వరగా దిగి ఎత్తు ప్రదేశానికి వెళ్లండి. నీటి ఒత్తిడికి తలుపు రాకపోతే కిటికీ దించండి, అదీ దిగకపోతే పక్క అద్దం మూల దగ్గర సుత్తితో కొట్టండి. ముందు అద్దం మీద సమయం వృథా చేయొద్దు, అది పొరలద్దం, పగిలినా రాలిపోదు. ఆ సుత్తి డిక్కీలో ఉంటే చేతికి అందదు. డ్రైవరు తలుపు అరలో ఉంచండి.