పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మన సంఘాల్లో ఆశ కనబడుతోందా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది మెట్టుగూడ. మా అమ్మమ్మ కాలం నుంచీ మేము చర్చికి వెళ్లేవాళ్లమే. మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాడు, ఏడాదిగా చర్చికి రావడం మానేశాడు. అడిగితే "అక్కడ డబ్బులు, కులాలు, యూట్యూబ్‌లో పాస్టర్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం, ఇంతకంటే ఏముందమ్మా" అంటాడు. వాడికి ఏం చెప్పాలో తెలియట్లేదు, నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తోంది. ఇవాంజెలికల్ (సువార్త ప్రకటనకి పెద్దపీట వేసే) సంఘాల్లో ఆశ పెట్టుకోదగ్గది మీకేమైనా కనిపిస్తోందా? – ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, మీ బాబు చెప్పిన మూడూ ఉన్నాయి. లేవని మీరు వాదించకండి, వాదిస్తే పిల్లలు ఇంకా దూరం పోతారు. కానీ ఆశ కనిపిస్తోందా అని అడిగారు కదా, కనిపిస్తోంది, గట్టిగానే కనిపిస్తోంది, కాకపోతే మనమే దాన్ని జనం ఎక్కువున్నచోట, సౌండ్ ఎక్కువున్నచోట వెతుకుతున్నాం. నేను చూసేది ఒకటే, తప్పు జరిగినచోట ఆ తప్పు ఒప్పుకుని సరిచేసుకుంటున్నారా లేదా అని. యేసు ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు అతను లేచి నిలబడి సగం ఆస్తి బీదలకిస్తాను, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకి నాలుగింతలు తిరిగిస్తాను అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చింది అని ప్రభువు అన్నది ఆ మాట విన్నాకే.

ఈమధ్య మల్కాజిగిరి వైపు ఒక చిన్న సంఘంలో వాక్యం చెప్పడానికి వెళ్లాను. రేకుల షెడ్డు, వందమంది కూర్చుంటే నిండిపోద్ది. చెప్పులు విడిచే చోట గోడకి ఒక కాగితం అంటించి ఉంది, తెలుగులో టైప్ చేసింది. ఆ నెల కానుకలెంత, కరెంటు బిల్లెంత, కాపరి జీతమెంత, ఒక విధవరాలి ఇంటద్దెకి ఇచ్చిందెంత, చేతిలో మిగిలిందెంత అని వరసగా రాసి, కింద ఇద్దరు పెద్దల సంతకాలు, వాటి పక్కన స్త్రీల సమాజం నుంచి ఒకావిడ సంతకం. ఇది ఎప్పట్నుంచి పెడుతున్నారు అని అడిగితే, కరోనా తర్వాత నుంచి అయ్యగారూ, లాక్‌డౌన్‌లో కానుకలు ఆగిపోయి మా పాస్టర్ గారింట్లో బియ్యం కూడా లేవంట, ఆయన నోరు తెరిచి చెప్పలేదు, మాకెవరికీ అడగాలని తట్టలేదు, తర్వాత తెలిసి అందరం కూర్చుని ఏడ్చాం, ఇక మీదట ఉన్నదీ లేనిదీ అందరికీ తెలియాలి అనుకున్నాం అన్నారు. ఆ కాగితం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోనూ జరిగింది ఇలాంటిదే కదా, మా విధవరాండ్రకి రోజువారీ భోజనం సరిగ్గా అందట్లేదని ఒక వర్గం సణిగితే అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు, ఏడుగురిని ఏర్పాటు చేసి ఆ పని అప్పగించారు, ఆ తర్వాతే వాక్యం ఇంకా వ్యాపించింది.

బయటి ప్రపంచంలోనూ అంతే. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం గారి పిలుపు మీద 150 దేశాల ఇవాంజెలికల్ నాయకులు కూడారు. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పదీయా, శామ్యూల్ ఎస్కోబార్ లాంటివాళ్లు అక్కడ లేచి, ఆత్మల రక్షణ ఆత్మల రక్షణ అంటూ పేదవాడికి జరుగుతున్న అన్యాయాన్ని పక్కనపెట్టేశాం అని మొహమాటం లేకుండా చెప్పారు. ఇంగ్లండ్ బోధకుడు జాన్ స్టాట్ గారు ముందుండి రాసిన ఆ సభ ప్రకటన, లోజాన్ ఒడంబడికలో 5వ పేరా చూడండి, ఆ నిర్లక్ష్యానికి పశ్చాత్తాపపడుతున్నాం అనే ఉంటుంది. అంతమంది పెద్దవాళ్లు తమ తప్పుని తమ చేత్తోనే రాసుకున్నారు, ఆ తర్వాత ఎన్నో దేశాల్లో సువార్త, సేవ రెండూ ఒకే పని అనుకునే తరం తయారైంది.

ఇంకో విషయం కష్టమైనదే అయినా చెప్తాను. 2022 మేలో అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ డినామినేషన్ అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ మీద ఒక రిపోర్ట్ వచ్చింది. లైంగిక వేధింపులకి గురైనవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటుంటే పైనున్న కొందరు వాళ్లని పట్టించుకోకపోగా ఎదురు తిరిగారని, నిందితుల పేర్లు 700కు పైగా లిస్టు రాసిపెట్టుకుని కూడా బయటికి చెప్పలేదని తేలింది. ఇది చదివి చాలామంది ఛీ అన్నారు, అనాల్సిందే. కానీ ఆ విచారణ జరగాలని పట్టుబట్టింది ఎవరనుకున్నారు, 2021 మహాసభకి మామూలు సంఘాల నుంచి వచ్చిన ప్రతినిధులు, వాళ్ల వెనక ఏళ్లపాటు నోరు మూసుకోకుండా నిలబడ్డ ఆ బాధితులు. సంస్కరణలు తర్వాత నత్తనడకన సాగాయి, బాధితులకి ఇంకా పూర్తి న్యాయం జరగలేదు, అయినా సంఘంలో దేవుని ఆత్మ పనిచేస్తున్నాడు అనడానికి నాకు ఆ బాధిత స్త్రీల ధైర్యం కంటే పెద్ద సాక్ష్యం కనిపించట్లేదు.

లెక్కలు అడుగుతారేమో మీ బాబు. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ సర్వేల ప్రకారం అమెరికాలో క్రైస్తవులమని చెప్పుకునేవాళ్లు 2007లో 78 శాతం, 2023-24లో 62 శాతం, అయితే 2019 నుంచి ఆ తగ్గుదల దాదాపు ఆగింది. మన పక్కన నేపాల్‌లో 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 5 లక్షలు దాటారు. ఇవి మంచివే, కానీ సంఖ్య పెరిగితే ఉజ్జీవం (ఆత్మీయ మేలుకొలుపు), తగ్గితే చావు అనే లెక్క నాకు నచ్చదు.

ఇక కులం. అమ్మా, ఇది మన తెలుగు సంఘాలకి పట్టిన పాత రోగం. పెళ్లిళ్ల దగ్గర, ఎలక్షన్ల దగ్గర బయటపడుతుంది. కానీ మన హైదరాబాద్‌లోనే దీనికి మందు కూడా ఉండేది. గోల్కొండ క్రాస్ రోడ్స్ హెబ్రోను మందిరంలో సువార్తికుడు భక్త సింగ్ గారి రోజుల్లో ఆరాధన అయ్యాక అందరూ వరసల్లో కింద కూర్చుని ఒకే వంట తినేవాళ్లు, ఆఫీసరు పక్కన రిక్షా తొక్కే అతను, ఎవరిది ఏ కులమో అడిగేది లేదు. ఆయన 2000 సంవత్సరంలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, అలా కలిసి తినే ప్రేమ విందు మాత్రం చాలా సంఘాల్లో ఇంకా సాగుతోంది. ఇప్పుడు నేను జరిపించే పెళ్లిళ్లలో, కాలేజీలో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) ప్రార్థన గుంపుల్లో పరిచయమై, కులం చూడకుండా చేసుకుంటున్న పిల్లలు వస్తున్నారు, ముందు ఏడ్చి గొడవ చేసిన తల్లిదండ్రులే తర్వాత మనవడిని ఎత్తుకుని ముందు వరసలో కూర్చుంటున్నారు. మీ బాబుని చర్చికి రా రా అని లాగకండి. ఏదన్నా ఆదివారం మధ్యాహ్నం గాంధీ హాస్పిటల్ బయట పేషెంట్ల అటెండర్లకి అన్నం పెట్టే యవ్వనస్థుల గుంపు ఏదైనా ఉంటే అక్కడికి తీసుకెళ్లండి, గరిటె వాడి చేతికివ్వండి. మిగతాది ఆ పిల్లలే మాట్లాడుకుంటారు.

ప్రశ్న: వందనాలు అన్నా. నేను ఈసీఐఎల్ దిక్కు ఒక సంఘంల యూత్ లీడర్ను. 2023ల అమెరికాల ఆస్బరీ కాలేజీల ఉజ్జీవం వచ్చిందని వీడియోలు చూసినం. గప్పటిసంది మేం గూడ నెలకొక ఆల్ నైట్ ప్రేయర్ పెడ్తున్నం, కీబోర్డు, డ్రమ్స్, లైట్లు అన్ని పెట్టినం, మస్తు మంది వస్తున్నరు గని తెల్లారినంక ఎవ్వల పని వాళ్లదే. మాకెందుకు వస్తలేదు అన్నా? – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, రాత్రంతా మేలుకుని ప్రార్థన చేసే యూత్ ఉన్నారంటేనే నాకు సంతోషం, అది చిన్న విషయం కాదు, ఆపకండి. కానీ ఆస్బరీలో అసలు ఏం జరిగిందో చూడు. 2023 ఫిబ్రవరి 8, బుధవారం, కాలేజీలో మామూలుగా జరిగే చాపెల్ ఆరాధన. రోమా 12వ అధ్యాయం మీద వాక్యం, నిష్కపటమైన ప్రేమ గురించి. చెప్పిన ఆయనకే అది తేలిపోయిందనిపించింది. అయ్యాక కొద్దిమంది స్టూడెంట్స్ వెళ్లకుండా కూర్చున్నారు, ఒకళ్లు లేచి తమ పాపం ఒప్పుకున్నారు, అక్కడ మొదలై రెండు వారాలకి పైగా సాగింది. ఊరి జనాభా ఆరేడు వేలు ఉంటుందేమో, వచ్చినవాళ్లు వేలకి వేలు. పేరున్న బోధకులు వచ్చినా వాళ్లకి స్టేజ్ ఇవ్వలేదు, హాల్లో స్క్రీన్లు లేవు, లైట్ల హంగామా లేదు.

ఇంకా వెనక్కి పోతే, 1905లో పూణె దగ్గర కేడ్గావ్ ముక్తి మిషన్‌లో సంఘ సంస్కర్త పండిత రమాబాయి గారి దగ్గర ఉజ్జీవం వచ్చింది. ఎవరి మధ్య వచ్చింది? కరువులో దిక్కులేకుండా పోయిన ఆడపిల్లలు, చిన్న వయసులోనే విధవలైనవాళ్లు, ఆవిడ తెచ్చి అన్నం పెట్టి చదువు చెప్పిన పిల్లలు. మన ఒంగోలు కథ కూడా అంతే. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం వచ్చి బాప్తిస్మం అడిగారనే మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఊరు తమని మనుషులుగా చూడని రోజుల్లో.

మాకెందుకు వస్తలేదు అన్నావు కదా. మీ ఆల్ నైట్‌లో ఒక గంట మైకు ఆపి చూడండి తమ్ముడూ. ఎవరికైనా బాకీ ఉంటే, మాటలు లేని అన్నదమ్ములుంటే, పరీక్షలో కాపీ కొట్టినవాడు, ఇంట్లో భార్య మీద చెయ్యెత్తినవాడు ఉంటే, ఆ గంటలో దేవుని ముందు ఒప్పుకోండి, తెల్లారాక వెళ్లి ఆ మనిషి ముందు ఒప్పుకోండి. అందరి ముందూ చెప్పమని ఎవరినీ బలవంతం చేయొద్దు, ముఖ్యంగా ఆడపిల్లల్ని. డ్రమ్స్ ఉంటే ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: కానుకల లెక్క అడిగితే మా సంఘంలో "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వాక్యం చూపిస్తున్నారు. అడగడం పాపమా? – ఒక సహోదరుడు, ఉప్పల్

జవాబు: పాపం కాదు బాబూ. 105వ కీర్తనలో ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి, వాళ్లకి హాని చేయొద్దని దేవుడు రాజులకి చెప్పింది, లెక్కలు అడగొద్దని కాదు. అభిషిక్తుడైన దావీదునే నాతాను నిలదీశాడు. పౌలు అంతటివాడు యెరూషలేము బీదలకి చందా తీసుకెళ్తూ, ఎవరూ తనమీద తప్పు మోపకూడదని వేరే సహోదరుల్ని కూడా తోడు పంపించాడు, 2 కొరింథీ 8వ అధ్యాయం చదవండి. పైగా మీ సంఘం సొసైటీగా రిజిస్టర్ అయ్యుంటే 2001 సొసైటీల చట్టం కింద లెక్కలు రాయాల్సిందే. ఒంటరిగా వెళ్లొద్దు, సభలో లేచి అరవొద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని కలుపుకుని, కాగితం మీద రాసి, కాపరి గారి ఇంటికి వెళ్లి కూర్చుని అడగండి. ముందు చిన్నదానితో మొదలుపెట్టమనండి, ఆదివారం కానుక పెట్టె ఎప్పుడూ ఇద్దరు కలిసి తెరవాలి, అక్కడే లెక్కపెట్టి, పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నిజాయితీగల కాపరికి ఇది రక్షణ, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.