రెండు పనుల్లోనూ ఒకరే ఫాస్ట్ అయితే పని పంచుకోవడం ఎందుకు?

"ఒకరు అన్నిట్లోనూ ముందుంటే రెండోవాళ్లతో పనేంటి?" అని అడిగారు. మాది నల్గొండ దగ్గర పల్లె, మా చేను లెక్కే చెబుతా.

వదిన రోజంతా ఏరితే 60 కిలోల పత్తి, పక్కన మిరపలో కలుపు తీస్తే 12 సాళ్లు. నేనైతే 20 కిలోలు, లేదా 10 సాళ్లు. రెండింట్లోనూ ఆమెదే పైచేయి (నా నడుము సంగతి వదిలేయండి). కానీ వదిన ఒక సాలు కలుపు తీయాలంటే 5 కిలోల పత్తి వదులుకోవాలి, నేను 2 కిలోలే. ఆ వదులుకున్నదే అవకాశ వ్యయం. కలుపులో అది నాకు తక్కువ కాబట్టి అక్కడ తులనాత్మక ప్రయోజనం నాది.

ఇద్దరం సగం రోజు అది, సగం రోజు ఇది చేస్తే మొత్తం 40 కిలోలు, 11 సాళ్లు. నేను రోజంతా కలుపు తీసి, వదిన ఒక్క సాలు తీసి మిగతా టైమంతా పత్తి ఏరితే అవే 11 సాళ్లు, పత్తి మాత్రం 55 కిలోలు.

1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇదే లెక్కను దేశాలకు వేశాడు. ఆయన ఉదాహరణలో పోర్చుగల్ వైన్, బట్ట రెండూ ఇంగ్లండ్ కంటే తక్కువ శ్రమతో చేస్తుంది. అయినా వైన్ అమ్మి బట్ట కొనుక్కోవడమే దానికి లాభం.

ఒక్క మెలిక: నేను కూడా రోజుకు 50 కిలోలు ఏరగలిగితే నాకూ సాలుకు 5 కిలోలు పోతాయి. అప్పుడు ఎలా పంచుకున్నా తేడా రాదు.