ఘాటీ ఎక్కే బండికి ఫ్యాన్: మేనల్లుడికి ఉత్తరం

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో ట్రెయిలర్ లాగే బండి కొన్నావనీ, స్టీలు ప్లాంటు నుంచి రాయపూర్‌కు కాయిల్స్ తోలడానికి బేరం కుదుర్చుకున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. నా తరువాత మన ఇంట్లో స్టీరింగు పట్టేవాడు ఉండడనుకున్నవాణ్ణి కనుక చాలా సంతోషించాను. ఆ బండి ఎక్కవలసింది సాలూరు ఘాటీ, ఆ కొండదారి అని గుర్తొచ్చాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజన్ కాస్త వేడెక్కుతోందనీ, ఇంకా పెద్ద ఫ్యాన్ వేయిస్తే సరిపోతుందని ఎవరో మెకానిక్ చెప్పాడనీ కూడా ఆమె మాటల్లో వచ్చింది. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే. టైర్లు, బ్రేకులు, కాగితాల సంగతి చెప్పడానికి నీకు ఆటోనగర్ నిండా మనుషులున్నారు.

ఫ్యాన్ పని ఎక్కడ పడుతుందో ముందు తెలుసుకో. విజయనగరం రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపూ ఎదురుగాలి తనంతట తానే రేడియేటర్‌లోకి, అంటే ఇంజన్ నీళ్లు చల్లార్చే ముందు జాలీలోకి, దూరుతుంది కనుక ఫ్యాన్ బాగున్నదీ లేనిదీ నీకు తెలియదు. సాలూరు దాటి ఒడిశాలోని సుంకి వైపు మలుపులు మొదలైన తరువాత, 40 టన్నుల బరువుతో బండి 15 కిలోమీటర్ల వేగంతో పాకుతూ, ఇంజన్ ఉన్న బలమంతా పెడుతూ, ఎదురుగాలి దాదాపు లేకుండా పోయిన ఆ కొద్ది సేపే ఫ్యాన్‌కు అసలు పరీక్ష. ఒక్కోసారి గాలి వెనుక నుంచి వీచి, ఉన్న కాస్త ఎదురుగాలిని కూడా మింగేస్తుంది. తిరుగు ప్రయాణంలో లోడు దొరికితే ఛత్తీస్‌గఢ్‌లోని కేశ్కాల్ ఘాటీలోనూ ఇదే వరస. అందువల్ల షెడ్డులో ఖాళీ బండి స్టార్టు చేసి చూపించి, ఎంత గాలి కొడుతోందో చూడండి అనేవాడి మాట నమ్మి ఫ్యాన్ కొనవద్దు.

ఆ మాట నమ్మినవాణ్ణి నేనే. చెప్పినవాణ్ణీ నేనే.

1993 వేసవిలో నా లారీ ఫ్యాన్ రెక్క ఒకటి మొదట్లో చిట్లింది. కంపెనీ ఫ్యాన్‌కు డబ్బు పెట్టడం ఇష్టం లేక, పాత ఇనుము దుకాణంలో ఏదో పెద్ద ఇంజన్‌ది దొరికితే తెచ్చాను. నా ఫ్యాన్ కంటే అడ్డంగా 2 అంగుళాలు ఎక్కువ, రెక్క కూడా ఒకటి ఎక్కువ. రెండింటికీ మురిసిపోయాను. బిగించబోతే రెక్కల కొసలు ష్రౌడ్‌కు, అంటే రేడియేటర్ వెనుక ఫ్యాన్ చుట్టూ ఉండే ఆ రేకు కవరుకు, తగులుతున్నాయి. ష్రౌడ్ ఊడదీసి షెడ్డు కప్పు మీదికి విసిరేశాను. స్టార్టు చేస్తే విమానం లేచినంత మోత! బానెట్ పక్కన నిలబడితే చొక్కా రెపరెపలాడింది. ఇక ఘాటీలో కూడా దుప్పటి కప్పుకోవలసిందేనని అందరి ముందూ గొప్పలు పోయాను. నా చొక్కాను ఊపిన ఆ గాలి రేడియేటర్ గుండా వచ్చిన గాలి కాదని తెలియడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. ష్రౌడ్ లేకపోతే రెక్కల కొసల నుంచి గాలి పక్కలకు చిమ్మి, చుట్టూ తిరిగి మళ్లీ రెక్కల ముందుకే చేరుతుంది. ఫ్యాన్ అదే వేడిగాలిని కలియబెడుతూ ఉంటుంది, రేడియేటర్ మూలల్లో గాలి కదలనే కదలదు.

ఆ రోజు సుంకి ఇంకా రెండు మలుపులుందనగా మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. కంగారులో బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను, దాంతో ఫ్యాన్, వాటర్ పంపు కూడా ఆగిపోయాయి, అది రెండో తప్పు. నీళ్లు పోయాలి, రేడియేటర్ మూత తియ్యమని క్లీనరు కుర్రాడికి చెప్పాను, అది మూడోది. వాడికి పదిహేడేళ్లు. గోనెపట్టా చేతికి చుట్టుకుని మరీ తీశాడు. మూత బిగించి ఉన్నంతవరకూ లోపల ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. గాలి ఒత్తిడికి మించి 1 బార్, అంటే దాదాపు ఇంకో గాలి ఒత్తిడంత, ఆపే మూత అయితే 120 డిగ్రీల దాకా నీరు నీరుగానే ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి, ఉన్న నీరంతా ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు పైకి లేస్తుంది. మోచేతి నుంచి మెడ దాకా కాలింది వాడికి. దిగువకు వస్తున్న లారీ ఆపి సాలూరు తీసుకువెళ్లేంతవరకూ వాడు ఏడవలేదు, బండి ఒక్కటే ఉండిపోయింది మావా అని మాత్రం అన్నాడు. ఇప్పటికీ సంక్రాంతికి వస్తాడు, ఆ చెయ్యి జేబులోంచి తియ్యడు. మీ అత్త పళ్లెం అందిస్తే రెండో చేత్తో పుచ్చుకుంటాడు.

కనుక నీ బండి ష్రౌడ్ ఉన్నదో లేదో ముందు చూడు. పగిలితే కొత్తది వేయించు, తాడుతో కట్టి నడపకు. రెక్క వెడల్పులో సగానికి పైగా ష్రౌడ్ లోపల ఉండి, మిగిలినది ఇంజన్ వైపు బయటకు రావాలి. రెక్క కొసకూ ష్రౌడ్‌కూ మధ్య ఖాళీ అంగుళం దాటితే నేనైతే ఒప్పుకోను. మరీ తగ్గినా, ఇంజన్ తన మౌంటింగుల (కింది రబ్బరు దిమ్మల) మీద ఊగినప్పుడు రెక్క తగులుతుంది. ఫ్యాన్‌ను వెనుక ముందు చేసి బిగించారేమో కూడా చూడు. అలా బిగిస్తే గాలి అటు నుంచి ఇటు మారదు, వచ్చేది మాత్రం బాగా తగ్గిపోతుంది.

ఇక ఏ రకం ఫ్యాన్ అన్నది. మా కాలంలో వాటర్ పంపు మీదే బిగించిన ఇనుప ఫ్యాన్ ఉండేది, అవసరమున్నా లేకున్నా తిరిగేది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది కానీ, అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ శక్తంతా నీ డీజిలే. నీ బండికి వచ్చేది క్లచ్ ఫ్యాన్. దాని మధ్య డబ్బాలో సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ముందున్న చిన్న స్ప్రింగు మెలిక తిరిగి నూనెను లోపలి అరలోకి వదులుతుంది, అప్పుడు ఫ్యాన్ పట్టు బిగుస్తుంది, చల్లబడ్డాక సడలుతుంది. బరువు లాగే బండికి ఇంతకు మించినది నేను చూడలేదు. కార్లకు ఉన్నట్టు కరెంటు ఫ్యాన్లు పెట్టిస్తానని ఎవరైనా అంటే ఈ లెక్క అడుగు: ఘాటీలో ఫ్యాన్‌కు 15 హార్స్ పవర్ కావాలనుకుంటే అది 11,000 వాట్ల పైమాటే, 24 వోల్టుల బండిలో 460 ఆంపియర్లు దాటుతుంది. బండికి కరెంటు పుట్టించే నీ ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న అంకె చదివి ఆయనకు వినిపించు.

క్లచ్ పాడైందేమో కనుక్కోవడం సులువు. ఇంజన్ ఆపి, తాళం నీ జేబులో వేసుకుని, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్‌ను చేత్తో తిప్పు. కాస్త బరువుగా కదిలి ఆగిపోవాలి. గిర్రున రెండు మూడు చుట్లు తిరిగినా, మధ్య డబ్బా మీద నూనె చార కనిపించినా అది అయిపోయినట్టే. తెల్లవారి స్టార్టు చేయగానే ఒకటి రెండు నిమిషాలు మోత వస్తే బెదిరిపోకు, రాత్రి లోపలి అరలోకి దిగిన నూనె తిరిగి పోయేదాకా అలాగే ఉంటుంది. పాడైన క్లచ్‌కు వెల్డింగు కొట్టి బిగించేసేవాళ్లుంటారు. దారిలో గట్టెక్కడానికి తప్ప దాన్ని ఒప్పుకోకు. థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే ఆ కవాటం, పీకేస్తామన్నవాడికి మాత్రం బండి తాళాలే ఇవ్వకు.

కొత్తది కొంటే నీ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన పార్టు నంబరుదే కొను. 2018లో యాక్సిల్ లోడు, అంటే ఒక్కో ఇరుసు మీద మోయనిచ్చే బరువు, పెంచినప్పుడు ట్రెయిలర్ల మొత్తం బరువు పరిమితి 49 టన్నుల నుంచి 55 టన్నులకు పోయింది. నీ బండి అంతకు ముందుదైతే దాని రేడియేటర్, ఫ్యాన్ పాత లెక్కకు కుదిర్చినవి. ఆ పైబరువుకు ఆశపడవద్దు నాయనా. నంబరు సరైన ఫ్యాన్ ఉండీ వేడెక్కుతోందంటే ముందు రేడియేటర్ కడిగించు. పోర్టు బొగ్గు దుమ్ము, మన సముద్రపు ఉప్పుగాలి కలిసి ఇంటర్‌కూలర్‌కూ (టర్బో నుంచి ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది) రేడియేటర్‌కూ మధ్య సందులో అట్ట కడతాయి, ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు. నీళ్లు ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెల్లని ధారతో కొట్టించు. నీకు సగం ఖర్చు అక్కడే తప్పుతుందని నా అనుమానం.

ఘాటీలో పై గేరులో మూలుగుతూ ఈడ్చవద్దు. కింది గేరు వేసి ఇంజన్ చురుగ్గా తిరగనిస్తే ఫ్యాన్, వాటర్ పంపు రెండూ చురుగ్గా తిరుగుతాయి. ముల్లు పైకి పోతే పక్కకు ఆపి, నీళ్లు కారిపోనంతవరకూ ఇంజన్ ఆపకుండా కాస్త రేసులో ఉంచు. మూత జోలికి మాత్రం నువ్వు పోవద్దు, నీ క్లీనర్ని అసలే పోనివ్వవద్దు. ఎవరు తొందర పెట్టినా, లోడు ఎంత ఆలస్యమైనా సరే.

ఆదివారం బండి చూస్తాను. శనివారం రాత్రే తెచ్చి నా షెడ్డులో పెట్టి, మీ అత్త చేతి భోజనం చేసి పడుకో. తెల్లవారేసరికి ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉంటుంది. మూత నేనే తీస్తాను.

ఇట్లు,
మీ మావయ్య