బిడ్డ పుట్టిన మూడో రోజు తలుపు తట్టేదెవరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ఊళ్లలో పనిచేస్తున్న చిన్న సంస్థలు, మహిళా సంఘాలు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంస్థ తరఫున ఆరుగురు కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్తున్నారు. "ఆశా ఎలాగూ వెళ్తోంది, మళ్లీ మీరెందుకు?" అని అడుగుతున్నారు. మేం అదనంగా చేయగలిగేది ఉందా? ఇంటికి వెళ్తే ఏమేం చూడాలి?
– ఖమ్మం జిల్లా నుంచి ఒక కార్యకర్త

జవాబు: తప్పకుండా ఉంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వెళ్లాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఈ లెక్క మన దగ్గర ఎక్కడ తప్పుతోందో చూడండి. తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. పేరు అత్తవారి ఊరి ఆశా రిజిస్టర్‌లో ఉంటుంది, బిడ్డ పుట్టేదేమో పుట్టింటి ఊళ్లో. ఇక్కడి ఆశా "ఊళ్లో లేదు" అని రాసుకుంటుంది. అక్కడి ఆశాకి ఆ పిల్ల వచ్చిందనే తెలియదు. మూడో రోజు, ఏడో రోజు అలాగే గడిచిపోతాయి. నెలలోపు చనిపోయే పసికందుల్లో ఎక్కువమంది పోయేది ఆ మొదటి వారంలోనే.

కాబట్టి మీ ఆరుగురి మొదటి పని ఈ అప్పగింత. ఏడో నెల రాగానే గర్భిణి దగ్గర పుట్టింటి ఊరు, వాళ్లమ్మ ఫోన్ నంబరు, కాన్పు ఏ ఆసుపత్రిలో అనుకుంటున్నారో రాసుకోండి. మీ ఏఎన్‌ఎం (ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) ద్వారా ఆ ఊరి ఆశా నంబరు తెలుసుకుని మీరే మాట్లాడండి. సీమంతం చేసి పుట్టింటికి పంపేటప్పుడు చీరల సంచిలో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల పరీక్షలు, టీకాలు రాసే కార్డు) కూడా పెట్టారో లేదో కళ్లారా చూడండి. కార్డు అత్తగారి బీరువాలో ఉండిపోతే బిడ్డ టీకాల లెక్కంతా గజిబిజి అవుతుంది.

ఆపరేషన్ కాన్పులది ఇంకో చిక్కు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. ఆ తల్లులు ఇంటికి వచ్చేసరికే నాలుగైదు రోజులు దాటుతుంది. వాళ్ల విషయంలో మూడో రోజు, ఏడో రోజు అని చూసుకోకుండా, ఇంటికి చేరిన 24 గంటల్లో వెళ్లండి. కుట్ల నొప్పితో తల్లి సరిగ్గా కూర్చోలేక, పాలు పట్టలేక, డబ్బాపాలు మొదలయ్యేది ఆ రోజుల్లోనే.

వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. బిడ్డను ముట్టుకోకముందే, నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కించాలి. అరనిమిషం లెక్కించి రెట్టింపు చేయొద్దు, పసిబిడ్డల ఊపిరి ఒకే తీరుగా నడవదు. 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కించండి. రెండోసారీ అంతే వస్తే అది ప్రమాద సూచన. ఇక మిగతావి: ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, చంటిబిడ్డ పాలు మానేయడం, పిలిచినా తట్టినా కదలిక లేకుండా మగతగా ఉండడం, ఫిట్స్, చంకలో థర్మామీటరు పెడితే 35.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ లేదా 37.5 అంతకన్నా ఎక్కువ, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చబారడం, బొడ్డు నుంచి చీము. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, పైన దుప్పటి కప్పండి. ఆసుపత్రికి చేరేలోపు చల్లబడిపోవడం కూడా ప్రాణాంతకమే.

ఇళ్లల్లో అలవాట్ల విషయం కొంచెం నేర్పుగా చూడాలి. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, బొడ్డుకు పసుపో బూడిదో పెట్టడం, చెవుల్లో ముక్కుల్లో నూనె చుక్కలు, స్నానం కాగానే సాంబ్రాణి పొగ... ఇవన్నీ అమ్మమ్మ ప్రేమతో చేసేవే. "అది తప్పు" అని ఆమె మొహం మీదే అంటే మళ్లీ గుమ్మం ఎక్కనివ్వరు. "పొగ గదికి పట్టించండి అమ్మమ్మా, అది పోయాక బిడ్డను లోపలికి తెద్దాం" అంటే ఆమె మాట నిలుస్తుంది, బిడ్డ ఊపిరికీ ఇబ్బంది ఉండదు. రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు మాత్రం స్నానం విషయంలో పట్టుబట్టండి. బరువు రెండు కిలోలు దాటేదాకా పొడిగుడ్డతో తుడవడమే.

ఊరి మనిషి ఇంటింటికీ వెళ్లి ఇదంతా చేయగలదని తేల్చింది కూడా ఒక స్వచ్ఛంద సంస్థే. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపే 'సెర్చ్' సంస్థ 1990లలో 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి ఈ పని చేయించింది. నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2011 నుంచి ఆశాల ద్వారా ఇదే దేశవ్యాప్త కార్యక్రమమైంది. మీరెందుకు అని అడిగినవారికి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మా గ్రామ సంఘం మీటింగులో నెలనెలా ఆరోగ్యం గురించి చెప్పిస్తున్నాం. అరగంటకే ఒక్కొక్కరూ లేచిపోతున్నారు. ఏం చేయాలి?
– అనంతపురం జిల్లా

జవాబు: కిస్తీలు కట్టే రోజున పెడుతున్నారా? అయితే ముందు ఆ రోజు మార్చండి. పొదుపు లెక్క తేలాక ఎవరి మనసూ అక్కడ ఉండదు. ఇంకో సంగతి, సంఘంలో సభ్యులు చాలావరకు అత్తగార్లు. గర్భిణులు, కొత్త కోడళ్లు సభ్యులు కారు కనుక పిలవరు. ఎవరికోసం మీటింగో వాళ్లే లేరన్నమాట.

జార్ఖండ్, ఒడిశాల్లో 'ఏక్‌జుట్' అనే సంస్థ 2005 నుంచి మూడేళ్లు మహిళా సంఘాలతో చేసిన పని మీకు దారి చూపుతుంది. ఉపన్యాసాలు లేవు. అదే ప్రాంతపు మహిళ ఒకరు నెలకోసారి, మొత్తం 20 సమావేశాలు నడిపింది. మొదట సమస్యలు గుర్తించడం, తర్వాత ఉపాయాలు అనుకోవడం, వాటిని ఊరంతా కలిసి చేయడం, చివరికి ఏం మారిందో చూసుకోవడం. ఆ మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లే చూస్తే 45 శాతం. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఇలాంటి ఏడు అధ్యయనాలను 2013లో కలిపి చూసినప్పుడు, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది వచ్చిన చోట్ల ఫలితం బాగా కనిపించింది. అందుకే మీ రిజిస్టర్‌లో హాజరు సంఖ్య ఒక్కటే రాయకండి. ఊళ్లో గర్భిణులెందరు, వారిలో వచ్చినవారెందరు అని రెండు గడులు పెట్టండి.

వచ్చే నెల ఇలా మొదలుపెట్టి చూడండి. రక్తస్రావం, కాళ్లవాపు, బిడ్డ ఏడవకపోవడం, జ్వరం వంటి బొమ్మల కార్డులు పది పరచండి. ఒక్కొక్కరికీ మూడు చింతగింజలు ఇచ్చి, మన ఊళ్లో పెద్ద కష్టం ఏదనిపిస్తే దాని ముందు పెట్టమనండి. ఎక్కువ గింజలు పడిన కార్డు తీసుకుని ఒక కథ అల్లండి. బిడ్డ చనిపోయింది. ఎందుకు? ఆసుపత్రికి ఆలస్యమైంది. ఎందుకు? రాత్రి బండి దొరకలేదు. ఎందుకు? చేతిలో డబ్బులేదు, మగమనిషి ఊళ్లో లేడు. ఐదో 'ఎందుకు' దగ్గరికి వచ్చేసరికి ఏం చేయాలో వాళ్లే చెబుతారు. ఆటో ఉన్న ఇంటి నంబరు గోడమీద రాయిద్దామని ఒకరు, అత్యవసరానికి పక్కన పెట్టిన సొమ్ము ఉండాలని ఒకరు. అలా వాళ్ల నోటి నుంచి వచ్చిన తీర్మానం అమలవుతుంది. మనం రాసి ఇచ్చింది ఫైల్లో ఉండిపోతుంది.

ప్రశ్న: పోషకాహార లోపం చూసే రంగుల టేపుతో ఒకే పిల్లాడి చేయి మా కార్యకర్త కొలిస్తే ఎరుపు, అంగన్‌వాడీ టీచర్ కొలిస్తే పసుపు. ఎవరిది సరైనది?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇద్దరూ తప్పు చేసి ఉండొచ్చు. టేపు కొలత 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకే. ఎడమ చేతిని మోచేయి దగ్గర మడిచి, భుజం ఎముక కొసకూ మోచేయి కొసకూ సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చేయి కిందికి వదిలేయించి, గుర్తు మీద టేపు చుట్టాలి. కొలిచేటప్పుడు చేయి మడిచే ఉంటే కండ ఉబ్బి ఎక్కువ చూపిస్తుంది. టేపు బిగిస్తే తక్కువ చూపిస్తుంది. చర్మానికి అంతటా తగలాలి, నొక్కుకుపోకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు (తీవ్ర లోపం), 11.5 నుంచి 12.5 లోపు పసుపు (ఓ మోస్తరు లోపం). అంచున ఉన్న పిల్లల విషయంలో ఇద్దరూ విడివిడిగా కొలిచి పోల్చుకోండి. రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి కూడా చూడండి. రెంటిమీదా గుంట నిలిస్తే టేపు ఏ రంగు చూపినా సరే, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాల్సిందే.

వేలాడదీసే తూకం ఉంటే నెలకోసారి కిరాణా కొట్టులోని ముద్ర ఉన్న 5 కిలోల రాయిని దానికి తగిలించి చూడండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి సంగతి కూడా ఆ ఇంట్లో కనుక్కోండి. రెండున్నర కిలోల ప్యాకెట్ రోజుకు 100 గ్రాముల చొప్పున ఒక్క బిడ్డకి 25 రోజులు. ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుని తింటే వారానికే అయిపోతుంది.

ప్రశ్న: గర్భిణులకు ఐరన్ మాత్రలు అందుతున్నాయి కానీ మింగడం లేదు. డబ్బాల్లో అలాగే ఉంటున్నాయి.
– నల్గొండ జిల్లా

జవాబు: "వేసుకుంటున్నావా?" అని అడిగితే అందరూ "ఆ" అంటారు. ఖాళీ అట్టలు చూపించమని అడగండి. మానేయడానికి కారణాలు రెండు మూడే: వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం చూసి భయం. నలుపు రావడం మామూలేనని మొదటి రోజే చెప్పి ఉంటే సగం మంది మానరు. పరగడుపున పడకపోతే రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకోమనండి. టీ, కాఫీలకు గంట ముందూ గంట వెనకా దూరం. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, ఒకదాన్ని ఇంకొకటి ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం పొద్దున, మధ్యాహ్నం భోజనాలతో, ఐరన్ రాత్రి అని విడగొడితే గుర్తుంటుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180. హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే రక్తహీనత, 7 లోపు ఉంటే మాత్రలతో సరిపెట్టకుండా ఆసుపత్రికి పంపాలి.

ప్రశ్న: అమెరికాలో స్థిరపడిన మా ఊరివాళ్లు మా సంస్థకు డబ్బు, బరువు యంత్రాలు పంపుతామంటున్నారు. మాకు సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది. తీసుకోవచ్చా?
– కృష్ణా జిల్లా

జవాబు: పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరసత్వమే ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ దాచిపెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా రూపాయి తీసుకున్నా నేరం. సంస్థకు పంపే యంత్రాలకూ ఇదే వర్తిస్తుంది. చుట్టాల ఖాతాలో వేయించి తెచ్చుకోమని సలహా ఇచ్చేవారుంటారు, వినకండి. చేతులు మారినా అది విదేశీ డబ్బుగానే లెక్క.

నమోదు కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్లు నిండాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అంత లేకపోతే, ఫలానా దాత, ఫలానా మొత్తం అని చూపిస్తూ ముందస్తు అనుమతికి దరఖాస్తు చేయొచ్చు. దానికి దాత రాసిచ్చిన లేఖ కావాలి. డబ్బు మొదట జమ కావాల్సింది న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. అప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం 2020 సవరణ తర్వాత కుదరదు. కానీ ఆ సంస్థే తన సిబ్బందితో మీ ఊళ్లో నేరుగా కార్యక్రమం నడపొచ్చు. బాలింతల జాబితా, ఇళ్ల గుర్తులు మీ దగ్గర ఉన్నాయి కనుక ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు చెప్పగలిగేది మీరే.